చక్రధర్ సార్ పంపిండు

ఆ ఆదివారం పొద్దున చక్రధర్ అనుకున్న పని చాలా చిన్నది. ఎల్లారెడ్డిలో ఏడున్నర బస్సెక్కాలి, కామారెడ్డిలో దిగి సోదర మిత్ర మండలి సమావేశానికి వెళ్లాలి, అక్కడ ఒక్కసారి చెయ్యెత్తాలి, మధ్యాహ్నం అన్నం వేళకు ఇంటికి వచ్చెయ్యాలి. ఇందులో కష్టమైనది చెయ్యెత్తడమే.

పదహారేళ్లుగా ఆయన ఎల్లారెడ్డిలో ఒక ఎరువుల దుకాణంలో గుమాస్తా. నెలాఖరుకు దుకాణం మూసేస్తున్నానని, వేరే దారి చూసుకొమ్మని యజమాని మొన్ననే చెప్పాడు. ఆ సంగతి భార్య సాయిశ్రీకి ఇంకా తెలియదు. ఆమె కోప్పడుతుందని కాదు, కోప్పడదనే ఆయన చెప్పలేదు. ఆమె డిగ్రీ చదివింది. పెళ్లయిన కొత్తలో ఎక్కడైనా పని చూసుకుంటానంటే, నేనున్నాను కదా అని ఆపినవాడు చక్రధర్. ఇప్పుడు ఆమె ఏమీ అనకుండా ఒక చూపు చూస్తుంది. ఆ చూపంటే ఆయనకు భయం. మాట వరసకు అది ఒక్కటి చెప్పాం గానీ, బ్యాంకులో తన టోకెన్ నంబరు పిలిస్తే లేచి నిలబడడం కూడా ఆయనకు భయమే. 

సోదర మిత్ర మండలి ప్రతి ఆదివారం కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలు మీది అంతస్తులో కూడుతుంది. సభ్యులు ఒకరినొకరు ‘సోదరా’ అని పిలుచుకోవాలి. పలుకుబడి ఉన్న సోదరుడు పని లేని సోదరునికి దారి చూపాలి. అధ్యక్షుడు సిద్దిరాములు రిటైరైన హెడ్మాస్టరు. ముప్పై ఐదేళ్లు పిల్లల చేత చేతులెత్తించిన అలవాటు పోక, ఇక్కడా ప్రతిదీ చేతులెత్తించే నడుపుతాడు.

ఆయన మైకు పట్టుకుని, పని కావలసిన సోదరులు చేతులెత్తమన్నాడు. ఎనిమిది చేతులు లేచాయి. చక్రధర్ చెయ్యి మాత్రం తొడ మీదే ఉండిపోయింది. ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మనసులో సాయిశ్రీని తలుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి పైకెత్తాడు. ఈలోగా సిద్దిరాములు ఆ ఎనిమిది పేర్లు రాసుకోవడం, రెండో ప్రశ్న అడగడం కూడా అయిపోయాయి.

చక్రధర్ కళ్లు తెరిచేసరికి హాలంతటిలో లేచి ఉన్న చెయ్యి ఆయనదొక్కటే. అందరూ వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తున్నారు.

“పని ఇప్పించే సోదరులెవ్వరని మూడు నెలల సంది అడుగుతున్న,” అన్నాడు సిద్దిరాములు. “ఇయ్యాల ఒక్క చెయ్యి లేచింది.”

చప్పట్లు మోగాయి. చక్రధర్ లేచి, అది కాదు సార్, నాకే కావాలి అని చెప్పడానికి నోరు తెరిచాడు. మైకు ఆయన చేతికి రాగానే కీచుమంది. ఉలిక్కిపడి మైకు వెనక్కి ఇచ్చి కూర్చున్నాడు. మాటలు తక్కువ, పని ఎక్కువ మనిషని పక్కవాళ్లు మెచ్చుకున్నారు.

సమావేశం ముగియగానే సిద్దిరాములు మొదటి పేరున్న మనిషిని తెచ్చి ఆయనకు అప్పగించాడు. అతను భీమ్‌సింగ్. లింగంపేట దగ్గర తండా. ఆరడుగుల మనిషి, మెలి తిప్పిన మీసం. భివండీ గోదాముల్లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపి, తల్లికి బాగా లేక ఇంటికి వచ్చి ఆగిపోయాడు. అతను చక్రధర్ రెండు చేతులనూ తన ఒక్క అరచేతిలో పట్టుకున్నాడు.

“అన్నా, నువ్వు ఏడికి పొమ్మంటె ఆడికి పోత. పని లేదు పో అన్నోళ్లను మస్తు మందిని సూసిన. నువ్వు గట్ల అననియ్యవు.”

భీమ్‌సింగ్ నమ్మకంగా అన్న మాట చక్రధర్‌కు బెదిరింపులా వినిపించింది. చేతులు విడిపించుకుంటే చాలనిపించింది. ఆ క్షణంలో గుర్తొచ్చింది ఒక్కటే: వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి చూసిన పెద్ద బోర్డు. లింగంపేట దాటాక రోడ్డు పక్కనే మక్కజొన్నలతో కోళ్ల దాణా చేసే మిల్లు. రేపు పది గంటలకు అక్కడి మేనేజర్‌ను కలవమన్నాడు. ఏమని చెప్పాలని అడిగితే, చక్రధర్ పంపాడని చెప్పమన్నాడు. వాళ్లు ఎలాగూ కాదంటారు, ఇతను వచ్చి రెండు మాటలంటాడు, పడితే సరిపోతుంది అనుకున్నాడు.

ఆ మిల్లు మేనేజర్ దేవేందర్ అప్పటికే మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. జిల్లాకు కొత్త తనిఖీ ఆఫీసరు వచ్చాడని, ఏ రోజైనా మిల్లుకు రావచ్చని ఎవరో ఫోన్లో చెప్పారు. మిషన్ల చప్పుడులో పేరు సగమే వినిపించింది. ‘చక్ర’ వరకు తెలిసింది. మిల్లులో మంటలార్పే సిలిండర్ల గడువు తీరి రెండేళ్లయింది. ప్రమాదమొస్తే జనం బయటపడాల్సిన వెనక గేటుకు అడ్డంగా కప్పు దాకా బస్తాలు పేర్చి ఉన్నాయి. సోమవారం సరిగ్గా పది గంటలకు ఆరడుగుల మనిషి గదిలోకి వచ్చి, చక్రధర్ సార్ పంపిండు అన్నాడు.

దేవేందర్ చాయ కప్పు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. సార్ ఇంకా ఏమన్నారని అడిగాడు. భీమ్‌సింగ్ అబద్ధం చెప్పే మనిషి కాదు.

“పది గంటలకు పొమ్మన్నడు. ఇంకేం అనలే.”

ఇంకేమీ అనకపోవడమే దేవేందర్‌ను ఎక్కువ భయపెట్టింది. భీమ్‌సింగ్ ఆ మధ్యాహ్నమే పనిలో చేరాడు.

బుధవారం సాయంత్రం భీమ్‌సింగ్ ఎల్లారెడ్డిలో చక్రధర్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో నిజాంసాగర్ నుంచి తెచ్చిన నాలుగు కిలోల చేప. గుమ్మంలో ఆ ఆకారాన్ని చూసి, తన్నడానికే వచ్చాడనుకుని చక్రధర్ వంటింట్లోకి తప్పుకున్నాడు. సాయిశ్రీ బయటికి వెళ్లి మాట్లాడింది. ఏ మిల్లు, ఏం పని, ఎట్లా దొరికిందని అన్నీ అడిగి తెలుసుకుంది. చేప తీసుకుని లోపలికి వచ్చి భర్తను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. రాత్రి పులుసు బాగా కుదిరింది గానీ చక్రధర్‌కు ముద్ద దిగలేదు. పని ఎందుకు దొరికిందో ఆయనకు అంతుపట్టలేదు. అంతుపట్టనిది ఏదైనా ఆయనకు అపాయంగానే తోస్తుంది.

తర్వాతి ఆదివారం ముగ్గురు వచ్చారు. ఆయనకు తెలిసిన చోటు ఆ మిల్లొక్కటే. ఈసారైనా కాదంటారనే ఆశతో ముగ్గురినీ అక్కడికే పంపాడు. ముగ్గురూ చేరారు. ఆ పై ఆదివారం మిగిలిన నలుగురూ వచ్చారు. వాళ్లూ చేరారు. మనుషులు ఎక్కువై దేవేందర్ మిల్లులో రెండో షిఫ్టు మొదలుపెట్టాడు. ఇంతమందిని ఎందుకు తీసుకుంటున్నావని మిల్లు యజమాని అడిగితే, ఆఫీసరు మనుషులు సార్, కాదంటే మిల్లుకు తాళం పడుతుందని చెప్పాడు. యజమాని కూడా భయపడ్డాడు.

ఈ సంగతి చక్రధర్‌కు భీమ్‌సింగ్ వల్లనే తెలిసింది. ఒకరోజు దారిలో కలిసి, మేనేజర్ నీ గురించి అడుగుతున్నాడన్నాడు.

“సార్ ఆఫీసు ఏడుంటది, ఏం మాట్లాడుతడు అని అడిగిండు. మా అన్న ఎక్కువ మాట్లాడడు, ఒక్కసారే చెప్తడు అన్న. ఆఫీసర్లు గట్లనే ఉంటరు అన్నడు.”

“ఆఫీసరా?” అన్నాడు చక్రధర్.

“అవ్ అన్నా. నువ్వు ఆఫీసర్‌వని మాకు చెప్పనే లేదు.”

ఆ రాత్రి చక్రధర్ ఫోన్లో వెతికాడు. ఆఫీసరు కానివాడు ఆఫీసరుగా చెలామణి అయితే ఏమవుతుందో చదివాడు. జైలు ఎన్నేళ్లో కూడా రాసి ఉంది. తాను ఎక్కడా ఆఫీసరునని చెప్పలేదు. కానీ ఎనిమిది మంది ఆయన పేరు చెప్పి లోపలికి వెళ్లారు. పోలీసులు అడిగితే ఎనిమిది మందీ ఒకే మాట చెబుతారు, పైగా ఎంతో కృతజ్ఞతతో చెబుతారు.

ఒకటో తారీఖున దుకాణం మూతపడింది. చక్రధర్ సాయిశ్రీకి అప్పుడూ చెప్పలేదు. రోజూలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, ఎల్లారెడ్డిలో తిరిగితే ఎవరైనా చూస్తారని ఏడున్నర బస్సులో కామారెడ్డి వెళ్లేవాడు. బస్టాండులో చివరి బెంచీ మీద కూర్చుని, మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేసి, చీకటి పడే వేళకు ఇంటికి చేరేవాడు. ఖాకీ చొక్కా కనిపిస్తే లేచి స్తంభం వెనక్కి వెళ్లేవాడు. అది కండక్టరుదని గుర్తుపట్టాక మళ్లీ వచ్చి కూర్చునేవాడు. దారిలో మిల్లు వచ్చినప్పుడల్లా కిటికీలో కనబడకుండా వంగి బూట్ల తాళ్లు కట్టుకునేవాడు. రోజూ పక్కన కూర్చునే పెద్దమనిషి చూసి చూసి, కొత్త తాళ్లు కొనుక్కోరాదా అని సలహా ఇచ్చాడు.

పనికోసం మండలిని అడుగుదామంటే అక్కడ ఇప్పుడు ఆయనకు దారివ్వడానికే జనం లేచి నిలబడుతున్నారు. రెండు వారాలు ఇలా గడిచాక, ఒకరోజు మండలి వాట్సాప్ గ్రూపులో పెద్ద ప్రకటన వచ్చింది. రాబోయే ఆదివారం సోదరుడు చక్రధర్‌కు ఘన సన్మానం, ముఖ్య అతిథి దాణా మిల్లు మేనేజర్ దేవేందర్. కింద చక్రధర్ ఫొటో. ఆ ఫొటోలో ఆయన భయంతో బిగుసుకుపోయి ఉన్నాడు. చూసేవాళ్లకు అది అధికారంలా కనబడింది.

ఆయన వెంటనే సిద్దిరాములుకు ఫోన్ చేసి, జ్వరం వచ్చేలా ఉంది, రాలేనన్నాడు. రాకపోతే ఏమీ పరవాలేదని, ముఖ్య అతిథిని తీసుకుని అందరం మీ ఇంటికే వస్తామని సిద్దిరాములు ధైర్యం చెప్పాడు. జ్వరం తగ్గేలా ఉందని చక్రధర్ ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. దేవేందర్ ముందే వచ్చాడు. సన్నగా, బట్టతలతో, చేతిలో మిఠాయి పెట్టెతో ఉన్నాడు. చక్రధర్ కనబడగానే దగ్గరికి వచ్చి, సార్, ఒక్క నిమిషం పక్కకు వస్తారా అని చెవిలో అడిగాడు. బయట పోలీసులున్నారనే చక్రధర్ అనుకున్నాడు. ఇద్దరూ కుర్చీలు పేర్చి పెట్టే చిన్న గదిలోకి వెళ్లారు. తలుపు మూసుకోగానే ఇద్దరూ ఒకేసారి చేతులు జోడించారు.

ముందు మాట దేవేందర్‌దే అయింది.

“సార్, ఎనిమిది మందిని పంపిండ్రు, తీస్కున్న. మంచిగ చేస్తున్నరు, నేనేం అనను. కని మేడమ్‌ను పంపుడు న్యాయం కాదు సార్.”

“ఏ మేడమ్?”

“మీ మేడమే సార్. సాయిశ్రీ మేడమ్. పది రోజులాయె, మా ఆఫీసుల కూసుంటున్నరు.”

దేవేందర్ తన కష్టం చెప్పుకుంటూ పోయాడు. ఆ రోజు ఒకావిడ వచ్చి ఆఫీసులో గుమాస్తా పనేమైనా ఉందా అని అడిగింది. మీరెవరమ్మా అంటే, చక్రధర్ గారి భార్యనంది. ఆఫీసరు తన ఇంటి మనిషినే మిల్లులో కాపలా పెట్టాడని దేవేందర్ అనుకున్నాడు. కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. రెండో రోజు ఆమె కాగితాలు సర్దుతూ సిలిండర్ల గడువు తీరిందని చూపించింది. సాయంత్రానికి కొత్తవి తెప్పించాడు. నాలుగో రోజు వెనక గేటు ఎందుకు తెరుచుకోదని అడిగింది. భీమ్‌సింగ్ చేత ఒక్క పూటలో బస్తాలన్నీ తీయించాడు. ఆమె ఏదైనా అడిగితే చాలు, రాత్రి నిద్ర ఉండడం లేదన్నాడు. ఇంకేమేం చేయాలో చెప్పండి, అన్నీ చేస్తాను, ఆమెను మాత్రం తీసుకుపొమ్మని బతిమాలాడు.

చక్రధర్‌కు ఆ మాటల్లో సగమే వినబడింది. సాయిశ్రీ పది రోజులుగా పనికి వెళుతోంది. అంటే దుకాణం సంగతి ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ దేని కోసం దాక్కున్నాడో అది ఎప్పుడో జరిగిపోయింది. ఇక దాచడానికేమీ మిగలలేదు. అది తెలిసి ఆయనకు విచిత్రంగా ఊపిరాడింది.

“దేవేందరన్నా, నేను ఆఫీసర్‌ను కాను. ఎరువుల దుకాణంల గుమాస్తాను. అది గూడ మూసిండ్రు. గిప్పుడు ఏం పని లేదు నాకు. ఆనాడు చెయ్యెత్తింది నాకు పని కావాలనే.”

దేవేందర్ కుర్చీల దొంతరకు ఆనుకుని ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, శుక్రవారం మిల్లుకు తనిఖీకి ఒకాయన వచ్చాడని చెప్పాడు. పేరు చక్రపాణి అన్నాడట. మిల్లంతా తిరిగి, సిలిండర్లు చూసి, వెనక గేటు తెరిపించి చూసి, ఏ లోపమూ లేదని సంతకం పెట్టి వెళ్లాడు. ఆయన చక్రధర్ కింద పనిచేసే చిన్న ఆఫీసరనుకుని దేవేందర్ ఆయనకు చాయ కూడా సరిగ్గా పోయించలేదు.

“అసలాయన గాయననే,” అన్నాడు దేవేందర్.

భయం పోయాక కోపం రావాలి. కానీ దేవేందర్‌కు కొత్త భయం వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి తనిఖీలో ఒక్క తప్పూ దొరకలేదని యజమాని నిన్ననే భుజం తట్టాడు. ఇప్పుడు అసలు సంగతి బయటపడితే, ఎవరో గుమాస్తా పేరు చెబితే ఎనిమిది మందికి పనిచ్చిన మేనేజర్‌ను ముందు పంపిస్తారు, వెనకాల ఆ ఎనిమిది మందినీ పంపిస్తారు. చక్రధర్ కళ్ల ముందు భీమ్‌సింగ్ మెదిలాడు. మొన్ననే తల్లికి కామారెడ్డిలో కంటి ఆపరేషన్ చేయించాడు.

“వాళ్ల జోలికి పోవద్దన్నా,” అన్నాడు చక్రధర్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “నన్ను ఏమన్న అను, పడుత. వాళ్లు ఏం తప్పు చేయలే.”

దేవేందర్ ఒప్పుకున్నాడు. వాళ్లు వచ్చాకే మిల్లు దారిలో పడిందని, మేడమ్ లేకపోతే ఇప్పుడు ఆఫీసులో ఒక్క కాగితం కూడా తనకు దొరకదని కూడా ఒప్పుకున్నాడు. కాసేపటి క్రితం తీసుకుపొమ్మన్న మనిషిని ఇప్పుడు దయచేసి మాన్పించవద్దన్నాడు. ఈ మాట ఈ గది దాటకూడదని ఇద్దరూ అనుకున్నారు. చక్రధర్‌కు ధైర్యం ఇంకా కొంచెం మిగిలి ఉంది. దాంతో అడిగాడు.

“మరి నాకేమన్న పని ఉంటదా మిల్లుల?”

“ఎవ్వల్నన్న పంపు, తీస్కుంట,” అన్నాడు దేవేందర్. “నువ్వు మాత్రం ఆ గేటు తొక్కొద్దు. మా సేటు లెక్కల నువ్వు పెద్ద ఆఫీసర్‌వి.”

బయట మైకులో చక్రధర్ పేరు పిలుస్తున్నారు. దేవేందర్ వేదిక మీద శాలువా కప్పాడు. సిద్దిరాములు మైకు ఇచ్చాడు. ఈసారి అది కీచుమనలేదు. మిల్లు మాట ఎత్తకుండానే తన నిజం తాను చెప్పేయాలనుకున్నాడు చక్రధర్. ఇరవై రోజులుగా తనకు ఏ ఉద్యోగమూ లేదని ఒక్కొక్క మాటా స్పష్టంగా చెప్పాడు. సిద్దిరాములు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

సోదరుల సేవ కోసం ఉన్న ఉద్యోగాన్ని కూడా వదులుకున్న మనిషిని తన జీవితంలో చూడలేదని ఆయన ప్రకటించాడు. అక్కడికక్కడే ఉద్యోగ సహాయ కార్యదర్శిగా చక్రధర్ పేరు ప్రతిపాదించి, ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నాడు. హాలంతా చేతులు లేచాయి. అందరికంటే ముందు లేచింది దేవేందర్‌ది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సాయిశ్రీ మంచం మీద బట్టలు మడత పెడుతోంది. చక్రధర్ శాలువా తీసి పక్కన పెట్టి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పటినుంచి తెలుసని అడిగాడు.

“మూడో రోజుకే. గోధుమపిండికి పోయి వస్తుంటె దుకాణానికి తాళం కనబడ్డది.”

“మరెందుకు అడగలే?”

“నువ్వే చెప్తవేమో అని సూసిన,” అంది ఆమె. “వారం ఆగిన. నువ్వు చెప్పెటట్టు లేవని తొమ్మిదిన్నర బస్సెక్కిన. భీమ్‌సింగ్‌కు గూడ నేనే చెప్పొద్దన్న.”

ఆ చూపు చూస్తుందేమోనని చక్రధర్ తల ఎత్తలేదు. కొంతసేపటికి ఎత్తి చూస్తే ఆమె కళ్లు చొక్కా మడత మీదే ఉన్నాయి. మిల్లులో ఏమని చెప్పావని అడిగాడు.

“నీ పెండ్లాన్ని అని చెప్పిన, గంతే. వాళ్లే కుర్చీ ఏసిండ్రు. నువ్వేదో ఆఫీసర్‌వని అనుకుంటున్నరని రెండు రోజులకు సమజైంది. కాదని చెప్తామనుకునేటాళ్లకు సిలిండర్లు వచ్చినయ్. గేటు గూడ తీసినంక చెప్తామనుకున్న.”

ఆమె మూతి బిగబట్టుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి. చక్రధర్‌కు ముందు కళ్లలో నీళ్లు వచ్చాయి, తర్వాత నవ్వు వచ్చింది. ఆయన అంత గట్టిగా నవ్వడం పక్కింటివాళ్లు అంతకుముందు వినలేదు. పని దొరికే దాకా ఇల్లు తాను చూసుకుంటానన్నాడు. చూద్దామంది సాయిశ్రీ.

సోమవారం ఆమె బస్సుకు వెళ్లిపోయాక పది గంటలకు తలుపు చప్పుడైంది. కామారెడ్డి నుంచి ఇద్దరు, జుక్కల్ నుంచి ఒకరు, కార్యదర్శి గారిని కలవాలని గుమ్మంలో నిలబడి ఉన్నారు. చక్రధర్ వాళ్లను కూర్చోమని చెప్పి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చి, బయోడేటాలు తీసుకున్నాడు.